డైనమిక్ పేజీలో పాత సమాచారమే వస్తోందా? పాత కాపీ ఎక్కడుందో ఇలా పట్టుకోండి

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చికి జెండా పాట (ఆ రోజు ధర తేల్చే వేలం) అయిపోయింది. కొత్త ధర డేటాబేస్‌లో ఎక్కించారు. మీ కంప్యూటర్‌లో పేజీ తెరిస్తే కొత్త ధరే ఉంది. అంతలో నర్సంపేట వైపు నుంచి ఒక రైతు ఫోన్: “అన్నా, నా ఫోన్ల ఇంకా నిన్నటి రేటే సూపిస్తాంది.” ఇలాంటప్పుడు మనలో చాలామంది నోటికి వచ్చే జవాబు ఒకటే: “బ్రౌజర్ కాష్ క్లియర్ చేయండి.”

ఆ జవాబు చెప్పకండి. బస్తాలు ఇవాళే డీసీఎంలో ఎక్కించాలా, ఇంకొన్నాళ్లు కోల్డ్ స్టోరేజీలో ఉంచాలా అని ఆ అంకె చూసి తేల్చుకునే మనిషికి కాష్ (మళ్లీ వాడటానికి దాచుకున్న కాపీ) గురించి తెలియాల్సిన పనిలేదు. పాత రేటు చూపించింది మన సిస్టమ్. దాన్ని సరిచేయాల్సింది మనమే. పైగా ఆయన ఒక్కరు క్లియర్ చేసుకున్నా, ఫోన్ చేయకుండా పాత రేటే నిజమనుకున్న వాళ్ల సంగతి అలాగే ఉంటుంది.

ఈ వ్యాసమంతా అలాంటి రేట్ల పేజీనే ఉదాహరణగా తీసుకుందాం. పేజీ పీహెచ్‌పీలో తయారవుతుంది, వెనుక మైఎస్‌క్యూఎల్ డేటాబేస్, ముందు ఎన్జిన్ఎక్స్ సర్వర్, దానికీ ముందు క్లౌడ్‌ఫ్లేర్ లాంటి సీడీఎన్ (పేజీల కాపీలను దాచి, వాడేవారికి దగ్గర్లోంచి ఇచ్చే సర్వర్ల వల). మీది లారావెల్ అయినా, జాంగో అయినా, వర్డ్‌ప్రెస్ అయినా వెతికే పద్ధతి మారదు.

ముందు ఏదీ క్లియర్ చేయకండి

ఫిర్యాదు రాగానే సీడీఎన్‌లో “పర్జ్ ఎవ్రీథింగ్” (కాపీలన్నీ చెరిపేసే బటన్) నొక్కడం, డేటాను మెమరీలో దాచే రెడిస్ మొత్తం ఖాళీ చేయడం, సర్వర్ రీస్టార్ట్ చేయడం. ఈ మూడూ ఒకేసారి చేస్తే సమస్య ఆ పూటకు పోతుంది, ఎందుకు వచ్చిందో మాత్రం ఎప్పటికీ తెలియదు. రేపు పొద్దున అదే ఫోన్ మళ్లీ వస్తుంది. పాత కాపీ ఇంకా ఉన్నప్పుడే అది ఎక్కడుందో చూడాలి.

కాబట్టి ముందు అడగాల్సినవి అడగండి. పూర్తి అడ్రసు కనిపించేలా స్క్రీన్‌షాట్ పంపమనండి. ఎన్ని గంటలకు చూశారు? లాగిన్ అయ్యారా? లింకు ఎక్కడి నుంచి నొక్కారు, వాట్సాప్ గ్రూపులోంచా, ఫేస్‌బుక్‌లోంచా, గూగుల్‌లోంచా? పక్కనున్న వాళ్ల ఫోన్లో ఎలా ఉంది? ఈ చివరి ప్రశ్న చాలా విలువైనది. ఒకే ఇంట్లో రెండు ఫోన్లలో రెండు రేట్లు వస్తుంటే ముందు ఆ ఫోన్‌ని, వాళ్లు నొక్కిన లింకుల్లో తేడాని చూడాలి. ఊరందరికీ పాత రేటే వస్తుంటే తప్పు సర్వర్ వైపే.

“నెట్‌వర్క్ వాళ్లే పాత పేజీ ఇస్తున్నారేమో” అనే అనుమానం తరచుగా వినిపిస్తుంది. మీ సైట్ హెచ్‌టీటీపీఎస్ మీద నడుస్తుంటే దాన్ని పక్కన పెట్టేయండి. ఎన్‌క్రిప్ట్ అయిన పేజీని మధ్యలో ఉన్న మొబైల్ కంపెనీ చదవలేదు, దాచి మళ్లీ ఇవ్వలేదు. కాష్ ఉండగలిగేది వాడేవారి ఫోన్లో, మీరు పెట్టుకున్న సీడీఎన్‌లో, మీ సర్వర్లో. ఆపేరా మినీ లాగా పేజీని తమ సర్వర్లలో కుదించి పంపే బ్రౌజర్లు దీనికి మినహాయింపు.

పేజీలో రెండు సమయాలు ముద్రించండి

ఈ ఒక్క పని చేస్తే సగం పని అయిపోయినట్టే. పేజీ తయారయ్యేటప్పుడు సర్వరే రెండు సమయాలను అందులో రాయాలి. ఒకటి, ఈ హెచ్‌టీఎంఎల్ తయారైన సమయం. రెండోది, ఇందులో చూపించిన రేటు డేటాబేస్‌లో నమోదైన సమయం. మీకు ఒకటి కంటే ఎక్కువ సర్వర్లుంటే ఏ సర్వర్ తయారు చేసిందో తెలిసేలా ఒక చిన్న గుర్తు కూడా చేర్చండి. సమయాలను జావాస్క్రిప్ట్‌తో రాయించకండి. అలా చేస్తే ఫోన్ గడియారం కనిపిస్తుందే తప్ప పేజీ ఎప్పుడు పుట్టిందో తెలియదు.

మొదటి సమయాన్ని, సర్వర్ గుర్తును హెచ్‌టీఎంఎల్ కామెంట్‌లో దాచవచ్చు. రెండోదాన్ని మాత్రం అందరికీ కనిపించేలా రేటు కిందే పెట్టండి: “ఈ ధర నమోదైన సమయం: ఉదయం 9.40”. పాత కాపీ వచ్చినా అది పాతదని రైతుకు తెలిసిపోతుంది. తేదీ, సమయం లేకుండా ధర చూపించే పేజీని నేను పూర్తయిన పేజీగా లెక్కపెట్టను.

ఇప్పుడు ఫిర్యాదు వచ్చిన స్క్రీన్‌లో ఈ సమయాలు చూడండి.

పేజీ సమయం పాతదైతే పేజీ మొత్తంగా ఎక్కడో కాష్ అయింది. బ్రౌజర్, సీడీఎన్, ఎన్జిన్ఎక్స్, కాష్ ప్లగిన్, వీటిలో ఒకటి.

పేజీ సమయం ఇప్పటిదే, రేటు సమయం పాతదైతే పేజీ తాజాగానే తయారైంది, దానికి పాత డేటా అందింది. రెడిస్, అలాంటిదే అయిన మెమ్‌క్యాష్‌డ్, లేదా వెనకబడ్డ డేటాబేస్ రెప్లికా (డేటాబేస్ నకలు) వైపు వెళ్లాలి.

సోర్స్‌లో రెండూ తాజాగా ఉండి స్క్రీన్ మీద మాత్రం పాత అంకె కనిపిస్తే, ఆ అంకెను జావాస్క్రిప్ట్ వేరే ఏపీఐ (డేటా మాత్రమే ఇచ్చే అడ్రసు) నుంచి తెస్తోందన్నమాట. అప్పుడు పేజీని వదిలేసి ఆ ఏపీఐ రిక్వెస్ట్‌ను పట్టుకోండి. పేజీకి కాష్ వద్దని చెప్పి ఏపీఐని మరిచిపోవడం చాలా మామూలుగా జరిగేదే.

హెడర్లు చదవండి

క్రోమ్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి నెట్‌వర్క్ ట్యాబ్‌లో పేజీ రిక్వెస్ట్ మీద నొక్కితే రెస్పాన్స్ హెడర్లు, అంటే పేజీతో పాటు సర్వర్ పంపే సూచనలు, కనిపిస్తాయి. సర్వర్ దగ్గర ఉంటే కర్ల్ అనే కమాండ్ వాడండి. కర్ల్‌లో హెడర్లు మాత్రమే చూపించే ఆప్షన్ హెడ్ రిక్వెస్ట్ పంపుతుంది. కొన్ని అప్లికేషన్లు హెడ్‌కు ఒకలా, బ్రౌజర్ పంపే గెట్‌కు ఇంకోలా జవాబిస్తాయి. అందుకని మామూలు గెట్ పంపి, హెడర్లు చూసి, మిగతాది పారేయడం నయం.

అన్నిటికంటే ముందు కాష్-కంట్రోల్ చూడండి. ఇందులో రెండు మాటల దగ్గర చాలామంది పొరబడతారు. నో-కాష్ అంటే కాష్ చేయొద్దని కాదు. దాచుకోవచ్చు, కానీ వాడే ప్రతిసారీ సర్వర్‌ను అడిగి, మారలేదని తెలుసుకున్నాకే వాడాలని. అసలు దాచుకోవద్దని చెప్పేది నో-స్టోర్. మ్యాక్స్-ఏజ్ ఎన్ని సెకన్లు తాజాగా భావించాలో చెబుతుంది. ఎస్-మ్యాక్స్-ఏజ్ కూడా అంతే, కాకపోతే సీడీఎన్ లాంటి పదిమందీ పంచుకునే కాష్‌లకు మాత్రమే వర్తిస్తుంది. ప్రైవేట్ అని ఉంటే వాడేవారి బ్రౌజర్ తప్ప ఇంకెవరూ దాచకూడదు.

కాష్-కంట్రోల్ అసలు లేకపోతే? అదే ఎక్కువ ప్రమాదం. హెడర్ లేకపోతే కాష్ చేయరు అనుకుంటాం. కానీ 2022లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 9111 (హెచ్‌టీటీపీ కాష్ నియమాల పత్రం) ప్రకారం గడువు చెప్పకపోతే కాష్‌లు తమంతట తాము అంచనా వేసుకోవచ్చు. మామూలుగా వాడే లెక్క ఏమిటంటే, చివరిసారి మారిన సమయం నుంచి ఇప్పటివరకు గడిచిన కాలంలో పదో వంతు. పేజీ చివరిసారి మారింది పది రోజుల కిందట అని లాస్ట్-మాడిఫైడ్ హెడర్ చెబితే, బ్రౌజర్ దాన్ని ఒక రోజంతా తాజాదే అనుకోవచ్చు. సర్వర్‌ను అడగను కూడా అడగదు. రేట్ల పేజీకి ఒక రోజు అంటే పూర్తిగా తప్పు రేటు. కాబట్టి మీరు తయారు చేసే ప్రతి పేజీకీ కాష్-కంట్రోల్ మీరే రాయండి.

పీహెచ్‌పీ వాళ్లకు ఒక వింత హెడర్ కనిపిస్తుంది: ఎక్స్‌పైర్స్ తేదీ 1981 నవంబర్ 19. ఎవరో హ్యాక్ చేశారని టెన్షన్ పడకండి. పేజీలో సెషన్ మొదలైతే పీహెచ్‌పీ తనంతట తానే ఆ పాత తేదీని, నో-స్టోర్, నో-కాష్‌లను జతచేస్తుంది. అది కనిపిస్తే పేజీలో ఎక్కడో సెషన్ తెరుచుకుంటోందని అర్థం. అందరికీ ఒకేలా ఉండే రేట్ల పేజీలో సెషన్ అవసరం లేదు. అది ఉంటే సీడీఎన్ ఎంత మంచిదైనా ప్రతి రిక్వెస్టూ మీ సర్వర్ మీదే పడుతుంది.

ఏజ్ హెడర్ ఉంటే మీ అదృష్టం. ఈ కాపీ మధ్యలోని కాష్‌లో ఎన్ని సెకన్లుగా ఉందో అది చెబుతుంది. 5,400 అని ఉంటే గంటన్నర. క్లౌడ్‌ఫ్లేర్ అయితే సీఎఫ్-కాష్-స్టేటస్ చూడండి. హిట్ అంటే వాళ్ల దగ్గరున్న కాపీ ఇచ్చారు. మిస్ అంటే దగ్గర లేక మీ సర్వర్‌ను అడిగారు. డైనమిక్ అంటే ఈ పేజీని కాష్ చేయదగినదిగా చూడలేదు. క్లౌడ్‌ఫ్లేర్ మామూలుగా హెచ్‌టీఎంఎల్‌ను కాష్ చేయదు. మీ పేజీకి హిట్ వస్తోందంటే మీరో, మీకంటే ముందు పనిచేసినవారో “కాష్ ఎవ్రీథింగ్” లాంటి రూల్ పెట్టారు. ఆ రూల్ వెతకండి.

స్టేటస్ 304 (మారలేదు) వస్తూ పాత పేజీ కనిపిస్తుంటే ఈట్యాగ్‌ను, అంటే పేజీ కాపీకి సర్వర్ ఇచ్చే గుర్తును, అనుమానించండి. బ్రౌజర్ “నా దగ్గరున్నది ఇంకా సరైనదేనా” అని అడిగింది, మీ కోడ్ “సరైనదే” అంది. టెంప్లేట్ ఫైల్ మారిన సమయాన్ని బట్టి ఈట్యాగ్ కట్టేస్తే, రేటు ఎన్నిసార్లు మారినా ఈట్యాగ్ మారదు. ఈట్యాగ్‌లో రేటు నమోదైన సమయం తప్పకుండా ఉండాలి.

ఒక్కో అంచెను పక్కకు తప్పించి చూడండి

అన్నిటికంటే వెనుకనున్న డేటాబేస్ నుంచి మొదలుపెట్టండి. సర్వర్ లోపలికి వెళ్లి డేటాబేస్‌లో రేటు నేరుగా చదవండి. అదే పాతదైతే కాష్‌కు సంబంధమే లేదు, ధర ఎక్కించిన పనే పూర్తి కాలేదు. డేటాబేస్ సరిగా ఉంటే, అదే సర్వర్ నుంచి అప్లికేషన్‌ను నేరుగా పిలవండి. తర్వాత ఎన్జిన్ఎక్స్ ద్వారా. తర్వాత సీడీఎన్‌ను తప్పించి బయటి నుంచి. కర్ల్‌లోని రిజాల్వ్ ఆప్షన్‌తో డొమైన్ పేరును మీ సర్వర్ ఐపీకే వెళ్లేలా చేయవచ్చు. చివరగా మామూలుగా సీడీఎన్ ద్వారా. కొత్త రేటు వస్తూ వస్తూ ఏ మెట్టు దగ్గర పాతది అయిందో, దొంగ అక్కడే ఉన్నాడు.

అడ్రసు చివర ప్రశ్నార్థకం పెట్టి ఏదో ఒక అంకె రాస్తే కొత్త పేజీ వస్తుందని చాలామందికి తెలుసు. పరీక్షకు అది బాగుంటుంది. కానీ దాంతో సమస్య తీరినట్టు కాదు. మీరు కొత్త కీ కింద కొత్త కాపీ తయారు చేయించారు, పాత కీ కింద పాత కాపీ అలాగే ఉంది, రైతు నొక్కే లింకు పాత కీదే.

కీ తప్పయితే ఒకరి రేటు ఇంకొకరికి వస్తుంది

కాష్‌లో ప్రతి కాపీకీ ఒక కీ, అంటే దాన్ని వెతికే పేరు, ఉంటుంది. ఆ కీలో ఏముంది, ఏం లేదు అన్నదే అసలు విషయం. ఎన్జిన్ఎక్స్‌లో సాధారణంగా ప్రోటోకాల్, రిక్వెస్ట్ పద్ధతి, హోస్ట్, పూర్తి అడ్రసు కలిపి కీ కడతారు. ఎవరైనా వేగం కోసం అడ్రసులో ప్రశ్నార్థకం తర్వాతి భాగాన్ని కీలోంచి తీసేశారనుకోండి. మీ పేజీ మిర్చి రకాన్ని అక్కడి నుంచే తీసుకుంటోంది: తేజ, వండర్ హాట్, 341, చపాట. పొద్దున మొదట తేజ పేజీ తెరిచిన మనిషి కాపీ కాష్‌లో కూర్చుంటుంది. తర్వాత చపాట నొక్కిన వాళ్లందరికీ తేజ రేటే వస్తుంది. చపాట ధర మిగతా రకాల ధరకు చాలా తేడాగా పలుకుతుంది. 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దాని రైతుకు ఇంకో రకం ధర చూపించడం పాత ధర చూపించడం కన్నా ఘోరం, ఎందుకంటే పేజీ మీద తేదీ సరిగ్గానే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు.

దీనికి విరుద్ధమైన తప్పు కూడా ఉంది. ఫేస్‌బుక్ నుంచి వచ్చే లింకులకు ఎఫ్‌బీసీఎల్ఐడీ అనే తోక ప్రతి నొక్కుడుకూ వేరుగా తగులుతుంది. అది కీలో చేరితే ఒకే పేజీకి లెక్కలేనన్ని కాపీలు పుడతాయి. ఒక కాపీ గడువు తీరినా ఇంకోటి బతికే ఉంటుంది, అందుకే ఒకరికి కొత్తది, ఒకరికి పాతది. పరిష్కారం: పేజీకి అవసరమైన పేర్లను మాత్రమే కీలో ఉంచండి, మిగతావాటిని వదిలేయండి.

భాష దగ్గరా ఇదే. తెలుగు, ఇంగ్లిష్ రెండూ ఒకే అడ్రసులో పెట్టి, కుకీ చూసి భాష మార్చే పేజీ కాష్ ముందు నిలవదు. ముందు వచ్చిన వాళ్ల భాషే వెనక వచ్చిన వాళ్లకూ వస్తుంది. కాపీ దేన్ని బట్టి మారుతుందో చెప్పే వేరీ హెడర్‌లో కుకీ అని రాయవచ్చు. కానీ కుకీలు మనిషికొకటి కాబట్టి కాష్ వృథా, పైగా సీడీఎన్‌లు అన్నీ వేరీని పూర్తిగా పాటించవు. భాషకు వేరే అడ్రసు ఇవ్వడమే నా సలహా.

డేటా కాష్: తేదీ, తొందర, దొడ్డిదారి

పేజీ తాజాగా ఉండి డేటా పాతదైతే చూడాల్సినవి మూడు.

మొదటిది తేదీ. రెడిస్‌లో కీ పేరు “రేట్లు” ప్లస్ ఇవాళ్టి తేదీ అని పెడతారు. సర్వర్ గడియారం యూటీసీలో (మనకంటే ఐదున్నర గంటలు వెనుక) ఉంటే అక్కడ తేదీ మారేది మనకు ఉదయం 5.30కి. అర్ధరాత్రి నుంచి 5.30 దాకా సర్వర్‌కు ఇంకా నిన్నే. రాత్రి రెండింటికి బండి కట్టి ఎనుమాముల బయలుదేరేవాళ్లు చూసేది సరిగ్గా ఆ వేళలోనే. ఫిర్యాదులన్నీ తెల్లవారుజామునే వచ్చి, పొద్దెక్కాక మీరు చూస్తే అన్నీ సరిగా ఉంటే, ముందు ఇదే చూడండి. కీలో తేదీని భారత కాలమానంలోనే లెక్కించండి.

రెండోది తొందర. ఒక రిక్వెస్ట్ కాష్‌లో రేటు లేదని చూసి డేటాబేస్ నుంచి పాత రేటు చదివింది, ఇంకా కాష్‌లో రాయలేదు. అదే క్షణంలో ఆఫీసులో కొత్త రేటు సేవ్ చేశారు, కోడ్ పద్ధతిగా కాష్ కీని తీసేసింది. ఇప్పుడు మొదటి రిక్వెస్ట్ తన చేతిలోని పాత రేటును కాష్‌లో రాసేసింది. కాష్ తీసేశాం కదా, పాతది ఎలా వచ్చిందని తల పట్టుకుంటాం. లాగ్‌లో ఏ తప్పూ కనిపించదు. ఇది అరుదుగా జరుగుతుంది, కానీ జెండా పాట అయిన వెంటనే అందరూ ఒకేసారి పేజీ తెరిచే వేళలోనే జరుగుతుంది. దీనికి గడువు చిన్నగా పెట్టడం కనీస రక్షణ, అప్పుడు తప్పు జరిగినా నిమిషంలో పోతుంది. ఇంకా గట్టిగా కావాలంటే కీలో ఒక వెర్షన్ అంకె పెట్టి, కొత్త రేటు సేవ్ అయినప్పుడు ఆ అంకెను పెంచండి. పాత రిక్వెస్ట్ రాసేది పాత వెర్షన్ కీలోనే పడుతుంది, దాన్ని ఎవరూ చదవరు.

మూడోది దొడ్డిదారి. కోడ్‌లో “సేవ్ చేసినప్పుడు కాష్ తీసేయి” అని రాసి ఉంటుంది. కానీ రేట్లు అడ్మిన్ పేజీ నుంచి కాకుండా ఎక్సెల్ షీట్ నుంచి నేరుగా డేటాబేస్‌లోకి దిగుతుంటాయి, లేదా ఎవరో పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో అంకె మార్చేస్తారు. సేవ్ కోడ్ నడవలేదు, కాష్‌కు కబురు అందలేదు. డేటా మారే దారులన్నీ కాగితం మీద రాసుకోండి. ప్రతి దారి చివరా కాష్ తీసేసే పని ఉందో లేదో చూడండి.

వర్డ్‌ప్రెస్ వాడేవాళ్లకు ఒక మాట. కాష్ అయిన పేజీలో ఫారం ఉంటే, అందులోని నాన్స్ అనే భద్రతా గుర్తు 12 నుంచి 24 గంటల్లో చెల్లకుండా పోతుంది. పేజీ కాష్ గడువు దానికంటే ఎక్కువుంటే ఫారం పంపిన ప్రతిసారీ ఫెయిల్ అవుతుంది. ఫారం ఉన్న పేజీలకు గడువు పది గంటల లోపే ఉంచండి. లారావెల్‌లో ఇదే 419 ఎర్రర్‌గా కనబడుతుంది.

డిజైన్ మార్చినా పాత డిజైనే వస్తుంటే, పీహెచ్‌పీ కోడ్‌ను సిద్ధం చేసి దాచే ఆప్‌కాష్ చూడండి. ఫైళ్లు మారాయో లేదో చూసే సెట్టింగ్‌ను ఆపి ఉంచితే, పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం రీలోడ్ చేసే దాకా పాత కోడే నడుస్తుంది.

ఫోన్‌లోనే ఉండే పాత కాపీలు

“మీ కంప్యూటర్‌లో బాగానే ఉంది కదా” అనడానికి కారణం చాలాసార్లు డెవలపర్ టూల్సే. అందులో “డిజేబుల్ కాష్” టిక్ పెట్టి ఉంటుంది. ఆ టూల్స్ తెరిచి ఉన్నంతసేపూ మీరు చూసేది బ్రౌజర్ కాష్ లేని ప్రపంచం. పరీక్షించేటప్పుడు దాన్ని మూసేయండి.

ఫోన్‌లో వెనక్కి బటన్ నొక్కితే బ్రౌజర్ పేజీని మళ్లీ తేకుండా మెమరీలో ఉన్నదాన్నే లేపి చూపిస్తుంది. పొద్దున తెరిచి వదిలేసిన ట్యాబ్‌కు సాయంత్రం తిరిగొచ్చినా అదే పేజీ ఉండొచ్చు. హెడర్లు మార్చి మాత్రమే దీన్ని పూర్తిగా ఆపలేరు, ఎందుకంటే సర్వర్‌కు రిక్వెస్టే రాలేదు. పేజ్‌షో, విజిబిలిటీఛేంజ్ అనే ఈవెంట్లను విని, పేజీ మళ్లీ కళ్ల ముందుకు రాగానే రేటును మాత్రం కొత్తగా తెచ్చే నాలుగు లైన్ల జావాస్క్రిప్ట్ రాయండి.

సర్వీస్ వర్కర్ (ఫోన్లో ఉండి పేజీ రిక్వెస్టులకు తానే జవాబివ్వగల స్క్రిప్ట్) ఉంటే మరింత జాగ్రత్త. దాన్ని ఒకసారి ఫోన్లో దించాక, సైట్ నుంచి ఆ కోడ్ తీసేసినా అది ఫోన్లో బతికే ఉంటుంది, పాత పేజీలు ఇస్తూనే ఉంటుంది. డెవలపర్ టూల్స్‌లో అప్లికేషన్ ట్యాబ్‌లో ఇది కనిపిస్తుంది. మీ యంత్రంలో అక్కడి నుంచి తీసేయవచ్చు, ఊళ్లో ఫోన్లన్నిటి నుంచీ తీయలేరు. దానికి మార్గం: అదే అడ్రసులో, పాత కాష్‌లను చెరిపేసి తనను తాను తొలగించుకునే కొత్త సర్వీస్ వర్కర్ ఫైల్‌ను ఉంచడం. ఆ ఫైల్‌ను 404గా వదిలేయడం కన్నా ఇది నమ్మదగిన పద్ధతి.

అలాగని సర్వీస్ వర్కర్ చెడ్డదని కాదు. రెండేళ్లకోసారి మేడారం జాతరప్పుడు లక్షల మంది ఒకేచోట చేరితే సిగ్నల్ దొరకడమే కష్టం. బస్సుల పేజీ అయినా, దారి చూపే పేజీ అయినా ఆఖరుసారి దించిన కాపీ కనిపించడం ఏమీ కనిపించకపోవడం కన్నా ఎంతో మేలు. అది ఎప్పటిదో పైన రాసి ఉండాలి, అంతే.

వేరేవాళ్ల వివరాలు కనబడితే వెంటనే ఆపేయండి

పాత రేటు ఒక ఎత్తు. లాగిన్ అయిన రైతుకు ఇంకో రైతు పేరు, బ్యాంకు వివరాలు కనబడటం వేరే ఎత్తు. ఇక్కడ మాత్రం “ముందు ఏదీ క్లియర్ చేయకండి” అన్న మాట వర్తించదు. వెంటనే ఆ పేజీలకు కాష్ ఆపేయండి, అంతా పర్జ్ చేయండి, తర్వాత కారణం వెతకండి.

పెద్ద సంస్థలకూ ఇది జరిగింది. 2015 డిసెంబర్ 25న స్టీమ్ గేమ్ స్టోర్ మీద దాడి జరుగుతుండగా, రద్దీని తట్టుకోవడానికి పెట్టిన కాష్ సెట్టింగుల్లో ఒకటి లాగిన్ అయిన వాళ్ల పేజీలనూ కాష్ చేసింది. దాదాపు 34,000 మంది వివరాలున్న పేజీలు ఇతరులకు కనిపించి ఉండొచ్చని ఆ సంస్థే ప్రకటించింది. రద్దీ రోజున హడావుడిగా పెట్టే కాష్ రూల్ ఎంత ప్రమాదమో ఇందులో ఉంది.

లాగిన్ పేజీలకు ప్రైవేట్, నో-స్టోర్ రెండూ పెట్టండి. ఎన్జిన్ఎక్స్ మామూలుగా సెట్-కుకీ హెడర్ ఉన్న జవాబును కాష్ చేయదు. ఆ రక్షణను తీసేసే “ఇగ్నోర్ హెడర్స్” లైన్ మీ కాన్ఫిగరేషన్‌లో ఉందేమో వెతకండి. “కాష్ పనిచేయడం లేదు” అని చిట్కాగా ఎవరో చెబితే పెట్టిన లైన్ అయ్యుంటుంది. ఆ తర్వాత రెండు వేర్వేరు అకౌంట్లతో, రెండు వేర్వేరు ఫోన్లలో ఒకే పేజీని వెంటవెంటనే తెరిచి చూడండి. ప్రతి మార్పు తర్వాతా ఈ పరీక్ష చేయాలి.

గడువులు ఎలా పెట్టాలి

రేట్ల పేజీకి బ్రౌజర్‌కు మ్యాక్స్-ఏజ్ సున్నా, సీడీఎన్‌కు ఎస్-మ్యాక్స్-ఏజ్ 30 నుంచి 60 సెకన్లు. ఒక్క నిమిషం కాష్ చేసినా చాలు, వెయ్యి మంది ఒకేసారి వచ్చినా సర్వర్‌కు చేరేవి కొన్నే. కొత్త రేటు సేవ్ అయినప్పుడు ఆ పేజీ అడ్రసును మాత్రం పర్జ్ చేసే కోడ్ కూడా పెట్టండి. పర్జ్ ఫెయిలైనా నిమిషంలో సర్దుకుంటుంది. పర్జ్ ఒక్కదాన్నే నమ్మి గడువును రోజంతా పెట్టడం నాకు నచ్చదు.

గడువు తీరిన క్షణంలో వందల రిక్వెస్టులు ఒక్కసారిగా డేటాబేస్ మీద పడకుండా, ఎన్జిన్ఎక్స్‌లో కాష్ లాక్ ఆన్ చేయండి. అప్పుడు ఒక రిక్వెస్ట్ కొత్త పేజీ తెస్తుంది, మిగతావి ఆగుతాయి. ఫలితాలు ప్రకటించే సైట్లకు ఇది లేకపోతే మొదటి నిమిషంలోనే సర్వర్ పడిపోవచ్చు.

బొమ్మలు, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్ ఫైళ్లకు ఏడాది గడువు ఇవ్వవచ్చు, కాకపోతే ఫైల్ మారిన ప్రతిసారీ పేరు మారాలి. పేరు మార్చకుండా ఏడాది గడువు పెడితే దాన్ని వెనక్కి తీసుకునే దారి మీ చేతిలో ఉండదు.

మార్పు చేశాక ఇలా సరిచూడండి

ఒక రకం రేటును మార్చండి. గడియారం చూసుకుంటూ డేటాబేస్, అప్లికేషన్, ఎన్జిన్ఎక్స్, సీడీఎన్ వరుసగా పిలిచి, ప్రతి చోటా కొత్త రేటు ఎప్పుడు వచ్చిందో రాసుకోండి. తర్వాత వైఫై ఆపేసి మొబైల్ డేటా మీద, డెవలపర్ టూల్స్ లేని మామూలు ఫోన్లో, వాట్సాప్ గ్రూపులో పంపిన అసలు లింకునే నొక్కి చూడండి. పరకాలలోనో ములుగులోనో తెలిసినవాళ్లుంటే వాళ్ల చేత కూడా తెరిపించండి.

ఇదంతా సరిగా వచ్చాక, ఐదు నిమిషాలకోసారి నడిచే చిన్న స్క్రిప్ట్ ఒకటి పెట్టండి. అది బయటి నుంచి, సీడీఎన్ ద్వారా, రైతు తెరిచే అడ్రసుకే వెళ్లి పేజీలో ముద్రించిన “ధర నమోదైన సమయం” చదవాలి, డేటాబేస్‌లోని సమయంతో పోల్చాలి. ప్రతి రకానికీ విడిగా. తేడా రెండు నిమిషాలు దాటితే మీ ఫోన్‌కు మెసేజ్ రావాలి. ఆ మెసేజ్‌లో ఏజ్ హెడర్, కాష్ స్టేటస్, సర్వర్ గుర్తు కూడా ఉండేలా రాసుకోండి. అప్పుడు ఏ అంచెలో వెతకాలో ఫోన్ చేతిలోకి తీసుకోగానే తెలుస్తుంది.